ద్రవ్యోల్బణం 0.25 శాతమేనట, మరి ఇంటి ఖర్చు తగ్గలేదేం? టమాటాకి రేటు కట్టేస్తే పోదా? మా బావ టమాటా వేయొచ్చా?

మీరు మూడు ప్రశ్నలు కలిపి అడిగారు. మొదటిది, 2025 అక్టోబర్ ద్రవ్యోల్బణం 0.25 శాతం అని పేపర్లో వచ్చింది, హైదరాబాద్‌లో మీ ఇంటి ఖర్చు మాత్రం తగ్గకపోగా పెరిగింది, అంటే ప్రభుత్వం లెక్కలు అబద్ధమా అని. రెండోది, టమాటా కిలో 150 అయినప్పుడు 40కి మించి అమ్మకూడదని ఒక ఆర్డర్ పడేస్తే అయిపోదా అని. మూడోది పలమనేరు దగ్గర మీ బావ రెండెకరాల్లో టమాటా పెడదాం, రేటు బాగుంది అంటున్నారు, పెట్టమనాలా వద్దా అని. నేను డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెప్తాను, మా ఇంట్లోవాళ్ళు మదనపల్లె టమాటా మార్కెట్ యార్డుకి కాయలు తోలేవాళ్ళు, కాబట్టి రెండు వైపుల నుంచీ చెప్తాను, కొంచెం పెద్దదవుతుంది ఓపిగ్గా చదవండి. ఈ మూడు ప్రశ్నల్లోనూ మనం వదిలేసేది ఒకటే, కాలం. ధర ఎప్పటితో పోలిస్తే పెరిగింది, ఆ ధర చూసి పంట పెట్టినోడి సరుకు మార్కెట్‌కి ఎప్పుడొస్తుంది, ఈ రెండూ పట్టించుకుంటే సగం గందరగోళం పోతుంది.

ముందు లెక్కల సంగతి. ద్రవ్యోల్బణం 0.25 శాతం అంటే ధరలు తగ్గాయని కాదు, 2024 అక్టోబర్‌లో సగటున 100 రూపాయలకి వచ్చిన సామాను 2025 అక్టోబర్‌లో 100 రూపాయల పావలాకి వచ్చిందని. పెరగడం దాదాపు ఆగింది, పెరిగింది మాత్రం పెరిగినచోటే ఉంది. మీ జేబుకి తెలిసేది ఆ పేరుకుపోయిన ధర. మన వినియోగదారుల ధరల సూచీ, అదే సీపీఐ, దాన్ని 2012 సంవత్సరాన్ని 100గా పెట్టుకుని లెక్కేస్తూ వచ్చారు, 2025 అక్టోబర్ నాటికి అది సుమారు 197. అంటే పదమూడేళ్ళలో దాదాపు రెట్టింపు. ఆ 197 గురించి ఏ హెడ్‌లైనూ రాదు, నెలనెలా వచ్చేది ఏడాదికి ఎంత శాతం మారిందన్న ముక్కే, జనం మాత్రం ఇంట్లో కూర్చుని ఫీలయ్యేది 197నే. రెండూ నిజమే, మాట్లాడుకునేది వేర్వేరు విషయాలు అంతే.

ఇంకోటి, ఆ 0.25 అంత తక్కువ ఎలా వచ్చిందో చూస్తే బేస్ ఎఫెక్ట్, అంటే పోల్చే పాత నెల ధరని బట్టి శాతం మారిపోవడం, ఏంటో తెలిసిపోతుంది. 2024 అక్టోబర్‌లో కూరగాయల ధరలు అంతకు ముందు ఏడాదితో పోలిస్తే 42.18 శాతం పెరిగాయి. 2025 అక్టోబర్‌లో అవే కూరగాయలు 27.57 శాతం తగ్గాయి. చేత్తో లెక్కేసుకోండి, 2023లో 100 అనుకుంటే 2024లో 142 అయింది, ఆ 142లో 27.57 శాతం తీసేస్తే 103 దగ్గరకి వచ్చింది. అంటే రెండేళ్ళు కలిపి చూస్తే కూరగాయలు ఒక మూడు శాతం పెరిగాయి, ఒక ఏడాది గోల గోల, ఇంకో ఏడాది ఆహా ఓహో, అసలు కథ మూడు శాతం. అందుకే నేను పిల్లలకి ఎప్పుడూ చెప్తుంటాను, ఏ నెల ద్రవ్యోల్బణం చూసినా పోయినేడాది అదే నెల ఎలా ఉందో పక్కన పెట్టుకుని చూడమని. 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ రేట్లు తగ్గించారు కదా, దాని ప్రభావం కూడా ఇలాంటిదే, ధర ఒక్కసారి ఒక మెట్టు దిగుతుంది, ఆ దిగిన మెట్టు పన్నెండు నెలలపాటు ఏడాది లెక్కలో కనిపిస్తుంది, ఆ తర్వాత లెక్కలోంచి మాయమవుతుంది, ధర మళ్ళీ పెరగకపోయినా సరే.

ఇక మీ ఇంటికీ దేశం లెక్కకీ తేడా ఎందుకొస్తుందంటే బుట్ట, అంటే దేని మీద ఎంత ఖర్చన్న లెక్క, వేరు కాబట్టి. 2012ని 100గా పెట్టుకున్న ఆ సీపీఐ సిరీస్‌లో తిండి, పానీయాల వాటా 45.86 శాతం ఉండేది. పల్లెల లెక్కలో 54 దాటేది, పట్నాల లెక్కలో 36 చిల్లర. చదువు వాటా 4.46, వైద్యం 5.89, ఇంటి అద్దె 10.07, అది కూడా పట్నాల నుంచి వచ్చిందే, పల్లెల్లో అద్దె లెక్కే కట్టలేదు ఆ సిరీస్‌లో. ఇప్పుడు మీ ఇల్లు తీసుకోండి. నెలకి 60 వేలు ఖర్చు అనుకుందాం, అద్దె 18 వేలు, ఇద్దరు పిల్లల స్కూలు ఫీజు బస్సు కలిపి నెలకి పడేది 12 వేలు, కిరాణా కూరగాయలు పాలు 15 వేలు, మిగతావన్నీ 15 వేలు. అద్దె 8 శాతం, ఫీజు 10 శాతం పెరిగి, తిండి ఖర్చు 5 శాతం తగ్గి, మిగతాది 3 శాతం పెరిగిందనుకోండి. అద్దె వల్ల 2.4, ఫీజు వల్ల 2, తిండి వల్ల మైనస్ 1.25, మిగతాది 0.75, కలిపితే 3.9 శాతం. అదే నెల దేశం లెక్క 0.25. ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పలేదు, మీ ఖర్చులో తిండి పాతిక శాతమే, దేశం బుట్టలో అది దాదాపు సగం, కూరగాయలు పడిపోయినప్పుడు ఆ లాభం మీకు సగమే అందింది. ఇదే లెక్క కూలి పని చేసుకునే ఇంటికి తిరగేసి పడుతుంది, వాళ్ళ సంపాదనలో ఎక్కువ భాగం తిండికే పోతుంది కాబట్టి ఉల్లి టమాటా పెరిగిన ఏడాది దేశం సగటు కంటే వాళ్ళకి ఎక్కువ మంట. నా వరకు నాకు ఇది చాలా ముఖ్యమైన విషయం, మధ్యతరగతి వాళ్ళు లెక్కలు తప్పని గొంతెత్తుతారు, తిండి ధర పెరిగినప్పుడు అందరికంటే ఎక్కువ నలిగేవాళ్ళ గొంతు మాత్రం ఎక్కడా వినపడదు.

ఇంటి లోన్ ఈఎంఐ పెరిగిందని కూడా రాశారు, అది సీపీఐలోకి రాదు. ఇల్లు కొనడం ఆస్తి కిందకి వస్తుంది, వాడకం కిందకి కాదు అని లెక్క. బంగారం మాత్రం వస్తుంది, ఆ సిరీస్‌లో వాటా ఒక శాతం చిల్లర, 2025 అక్టోబర్‌లో అది ఏడాదికి 50 శాతం పైనే పెరిగింది, అదే నెల వంటనూనెలు 11 శాతం. ఇంట్లో పెళ్ళి పెట్టుకున్నవాళ్ళకి ఆ 0.25 చదివితే కోపం రాకుండా ఎలా ఉంటుంది.

రాష్ట్రాల మధ్య కూడా అంతే. 2025 జూన్ లెక్క చూడండి, తెలంగాణలో మైనస్ 0.93 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో సున్నా, కేరళలో 6.71. ఒకే దేశం ఒకే రూపాయి ఒకే రిజర్వ్ బ్యాంక్. ఈ ధరలు ఎవరో ఆఫీసులో కూర్చుని రాసినవి కాదు, గణాంక శాఖ వాళ్ళు ఆ సిరీస్‌కి దేశంలో 1181 పల్లెలు, 1114 పట్టణ మార్కెట్ల నుంచి తెప్పించుకునేవాళ్ళు, ఎంచుకున్న షాపుల్లో అడిగి రాసుకునేవాళ్ళు. లోపం లేదా అంటే ఉంది, బుట్ట 2011-12 సర్వేని బట్టి కట్టింది, ఆ రోజుల్లో మొబైల్ డేటాకి ఇంత ఖర్చు ఎక్కడ, ఓటీటీలు ఎక్కడ, ఇంటికి తెచ్చిచ్చే భోజనాలు ఎక్కడ. అందుకే బేస్ ఏడాదిని, అంటే 100గా పెట్టుకునే ఏడాదిని, 2024కి మార్చే పని చేపట్టారు. బుట్ట పాతబడిందంటే ఒప్పుకుంటాను, కావాలని తగ్గించి చూపిస్తున్నారంటే మాత్రం ఒప్పుకోను.

టోకు ధరల సూచీ అని ఇంకోటి వింటుంటారు, దాంట్లో సేవలు ఉండవు, అద్దె ఫీజు డాక్టర్ ఏమీ ఉండవు, ఫ్యాక్టరీ సరుకు, ఇంధనం, ముడిసరుకులే ఎక్కువ. ఉద్యోగుల డీఏ లెక్క కట్టేది ఇంకో సూచీతో, పారిశ్రామిక కార్మికుల సీపీఐ, అది లేబర్ బ్యూరో వాళ్ళది. రిజర్వ్ బ్యాంక్ మాత్రం మొదట చెప్పిన సీపీఐనే చూస్తుంది, 2016 నుంచి చట్టం ప్రకారం దాని లక్ష్యం 4 శాతం, అటు రెండు ఇటు రెండు వరకు ఫర్వాలేదు. వరసగా మూడు త్రైమాసికాలు ఆ గీత దాటితే ఎందుకు దాటిందో ప్రభుత్వానికి లెటర్ రాయాలి, 2022లో రాయాల్సొచ్చింది కూడా. వడ్డీ రేటు పెంచితే టమాటా పండదు, వర్షం పడదు, అందుకే వాళ్ళు తిండి, ఇంధనం తీసేసిన కోర్ ద్రవ్యోల్బణం కూడా పక్కన పెట్టుకుని చూస్తారు.

సరే ఇప్పుడు టమాటా. 2023 జూలై గుర్తుందా, ఆ నెల ద్రవ్యోల్బణం 7.44 శాతం, అంతకు ముందు నెల 5 లోపే ఉంది. కూరగాయలు 37 శాతం పెరిగాయి, టమాటా ఒక్కటే ఏడాదికి 200 శాతం పైన, అంటే మూడింతలు. అప్పటి సీపీఐలో టమాటా వాటా ఎంతో తెలుసా, 0.57 శాతం, వందలో అర్ధ రూపాయి చిల్లర. ఆ అర్ధ రూపాయి వస్తువు మూడింతలైతే మొత్తం 7.44లో ఉజ్జాయింపుగా ఒక శాతం పాయింట్ దాని వల్లే వచ్చింది.

ఎందుకు పెరిగింది అంటే అందరూ వానలన్నారు, దళారులన్నారు. వానలు నిజమే, కర్ణాటక మహారాష్ట్రల్లో వైరస్ తెగుళ్ళు కూడా నిజమే. కానీ అసలు కారణం మూడు నెలల ముందు మొదలైంది. ఆ ఏడాది మార్చి నుంచి మే దాకా టమాటాకి రేటు లేదు, నాసిక్ వైపు మే నెలలో కిలో రూపాయి రెండు రూపాయలకి అడిగితే రైతులు పారబోశారు, చాలాచోట్ల కోత కూలి కూడా రాదని చేలల్లోనే వదిలేశారు. ఆ రేటు చూసినవాడు మళ్ళీ నారు ఎందుకు పెడతాడు? టమాటా నాటిన తర్వాత మొదటి కోతకి రెండు నెలలు, రెండున్నర నెలలు పడుతుంది, నారు పెంచడానికి ముందే ఇంకో నెల. ఏప్రిల్ మేలో నాటకపోతే జూలైలో కాయ ఉండదు, ఆ రోజుకి ఎంత రేటిచ్చినా ఉండదు. పైగా జూలై ఆగస్టుల్లో నాసిక్ కాయ ఇంకా పూర్తిగా దిగదు, దేశంలో చాలా భాగం చూసేది మదనపల్లె, కోలారు వైపే, ఇక్కడ ఎత్తు ప్రదేశం కాబట్టి ఎండాకాలంలో కూడా పంట నిలబడుతుంది. అటు పంట తక్కువ, ఇటు చూసే మార్కెట్లు రెండు మూడే.

యార్డులో పొద్దున్నే వేలం చూసినవాళ్ళకి ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. రైతులు తెచ్చిన క్రేట్లు వరసగా పేర్చి ఉంటాయి, కాయ సైజు, గట్టితనం, రంగు చూసి గ్రేడు పడుతుంది, బయట చెన్నై లారీలు, ఉత్తరాది లారీలు నిలబడి ఉంటాయి. లారీ మాట్లాడుకుని వచ్చినవాడు ఖాళీగా వెనక్కి పోలేడు, అవతల వాడి హోటళ్ళకీ షాపులకీ మాటిచ్చి ఉంటాడు. ఇరవై లారీల సరుకు కావాల్సిన రోజు పదిహేను లారీలే వచ్చాయనుకోండి, తగ్గింది నాలుగో వంతే, రేటు మాత్రం నాలుగో వంతు పెరిగి ఆగదు, రెండింతలు మూడింతలు అవుతుంది, ఎందుకంటే రేటు పెరిగిందని అప్పటికప్పుడు కొనడం మానేసేవాళ్ళు తక్కువ, అప్పటికప్పుడు పండించగలిగేవాడు అసలు లేడు. ఎవరో కొందరు మానేసేదాకా రేటు ఎక్కుతూనే ఉంటుంది. మన ఇళ్ళల్లో పప్పులో చింతపండో మామిడికాయో వేసుకున్నారు, రసంలో తగ్గించారు, మెక్‌డొనాల్డ్స్ వాళ్ళు ఉత్తరాది, తూర్పు రాష్ట్రాల్లో చాలా షాపుల్లో బర్గర్‌లో టమాటా తీసేశారు. రేటు చేసే పని ఇదే, ఉన్న కొంచెం సరుకుని ఎవరు వదులుకోగలరో వాళ్ళ చేత వదిలించడం. ఇది న్యాయమా అంటే పూర్తిగా కాదు, డబ్బున్నవాడు మానుకోడు, లేనివాడు మానుకుంటాడు, ఆ బాధ నాకూ ఉంది, అందుకే తర్వాత చెప్పే పద్ధతులు కావాలి. కానీ రేటు కట్టేస్తే ఆ బాధ పోదు.

40కే అమ్మాలని ఆర్డర్ వేశారనుకోండి. మొదట జరిగేది లారీ దారి మారడం, ఈ రాష్ట్రంలో 40, పక్క రాష్ట్రంలో 120 అంటే కాయ ఎటు పోతుందో చెప్పక్కర్లేదు. దేశమంతా ఒకటే రేటు పెట్టారే అనుకోండి, బండి మీద 40 అని బోర్డు ఉంటుంది, కాయ ఉండదు, తెలిసినవాళ్ళకి వెనకాల నుంచి 100కి ఇస్తారు. ఇవన్నీ ఓ ఎత్తు, అసలు నష్టం రెండున్నర నెలల తర్వాత. జూలైలో మంచి రేటు వస్తేనే అప్పుడు నాటేవాడు ధైర్యంగా అప్పు తెచ్చి నాటుతాడు, తెగులు పట్టిన తోటకి ఇంకో రెండు మందులు ఎక్కువ కొట్టి కాపాడుకుంటాడు, వానలో మునిగిన తోటలో కూడా మనుషుల్ని పెట్టి ఏరిస్తాడు. 40 అని తెలిస్తే వదిలేస్తాడు. ధర తక్కువున్నప్పుడు పారబోసుకోమని, ధర వచ్చినప్పుడు మాత్రం తీసుకోకూడదని చెప్తే ఆ పంట పెట్టేవాడు ఎవడు?

దళారులు దాచిపెట్టారు అన్నారు, టమాటా విషయంలో అది కుదరదు. పండిన కాయ మామూలుగా వారం పది రోజులకి మించి ఆగదు, దాచినవాడే నష్టపోతాడు. ఎండుమిర్చి అయితే వేరే కథ, గుంటూరు చుట్టూ కోల్డ్ స్టోరేజీల్లో నెలల తరబడి పెట్టొచ్చు, ఉల్లి కొంత ఆగుతుంది, పప్పులు ఆగుతాయి, అక్కడ నిల్వల మీద నిఘా ఉండాల్సిందే. మధ్యవాళ్ళు ఎక్కువ తీసుకుంటున్నారన్నది మాత్రం నిజం. రిజర్వ్ బ్యాంక్ వాళ్ళు 2024లో వేసిన ఒక పరిశోధన పత్రంలో మీరు టమాటా మీద పెట్టే రూపాయిలో రైతుకి చేరేది 33 పైసలు, ఉల్లికి 36, బంగాళదుంపకి 37 అని తేలింది. మిగతాదంతా లాభమే అనుకోకూడదు, కుళ్ళిపోయేది, లారీ కిరాయి, హమాలీ, షాపు అద్దె అందులోనే ఉన్నాయి. కానీ కమీషన్ పేరుతో, మన యార్డుల్లో జాక్‌పాట్ అని తీసే అదనపు క్రేట్ల పేరుతో పోయేది రైతు కష్టం, దాని మీద కోపం న్యాయమైంది, దానికి పరిష్కారం యార్డులో కొనే వ్యాపారులు పెరగడం, తూకం సరిగ్గా జరగడం, డబ్బులు ఆ రోజే చేతికి రావడం.

మరి ప్రభుత్వం ఏం చేయాలి అంటే 2023లో చేసిన పని నా లెక్కలో రేటు కట్టడం కంటే చాలా మేలు. కేంద్రం ఎన్‌సీసీఎఫ్, నాఫెడ్ అనే సహకార సంస్థల ద్వారా మదనపల్లె, కోలారు లాంటి చోట్ల మార్కెట్ రేటుకి కొని జూలై 14 నుంచి ఢిల్లీలో మొదట 90కి అమ్మింది, తర్వాత ఇంకా తగ్గించింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కూడా కొని రైతుబజార్లలో 50కి ఇచ్చింది. రైతుకి రావాల్సింది వచ్చింది, కొనేవాళ్ళలో కొందరికి ఊరట దొరికింది, నష్టం ఖజానా భరించింది. దీంతో దేశంలో ఒక్క కాయ కూడా పెరగలేదన్నది నిజమే, పెంచింది ఎవరంటే ఆ రేటు చూసి నాటిన రైతులే. ఆగస్టు చివరికల్లా కాయ దిగడం మొదలైంది, సెప్టెంబర్‌లో ద్రవ్యోల్బణం 5.02కి వచ్చింది, అదే సెప్టెంబర్‌లో పత్తికొండ వైపు మళ్ళీ రేటు లేక రోడ్ల మీద పారబోశారు. జూలైలో 150 పైన పలికిన పంట అది.

రేటు పడినప్పుడు కూడా జనం వైపు నుంచి ఒక్కటే చూస్తారు. పైన చెప్పాను కదా, 2025 అక్టోబర్‌లో కూరగాయలు మైనస్ 27.57 అని, పేపర్లో అది శుభవార్త. సరిగ్గా ఆ సీజన్‌లోనే కర్నూలు ఉల్లి రైతుకి రేటు లేక రాష్ట్ర ప్రభుత్వం క్వింటా 1200కి కొనాల్సొచ్చింది, హెక్టారుకి 50 వేలు సాయం ప్రకటించాల్సొచ్చింది. గుంటూరు మిర్చి కూడా అదే ఏడాది మొదట్లో పడిపోయి కేంద్రం క్వింటాకి 11,781 లెక్కన ఆదుకునే స్కీమ్ పెట్టింది.

అన్ని పంటలకీ టమాటా లెక్క పనికిరాదు అని చెప్పడానికి నూనె సంగతి ఒక్కటి చెప్పి మీ బావ దగ్గరకొస్తాను. మనం వాడే వంటనూనెలో సగానికి పైగా బయటి దేశాల నుంచి వచ్చేదే. 2024 సెప్టెంబర్‌లో ముడి నూనెల మీద దిగుమతి సుంకం, సెస్సులతో కలిపి, 5.5 నుంచి 27.5 శాతానికి పెంచారు. మీ వంటింట్లో పామాయిల్ ప్యాకెట్ పెరిగింది, అశ్వారావుపేట వైపు, ఏలూరు వైపు పామాయిల్ గెలల రేటు కూడా పెరిగింది, ఎందుకంటే గెల రేటు కట్టేదే ముడి పామాయిల్ ధరని బట్టి. 2025 మే చివర్లో సుంకం 16.5కి తగ్గించారు, ఇంటికి కొంచెం ఊరట, రైతుకి దెబ్బ. ఇక్కడ కాలం ఇంకా పెద్దది, పామాయిల్ మొక్క పెడితే మొదటి గెలలకి మూడు నాలుగేళ్ళు, ఆ తోట పాతికేళ్ళు ఉంటుంది. టమాటా రైతు రేటు నచ్చకపోతే వచ్చే సీజన్‌లో పంట మానేస్తాడు, పామాయిల్ రైతు మానేయలేడు. అందుకే ఏడాదికోసారి మారే సుంకం ఆ రైతుకి ఇచ్చే సంకేతం ఏంటంటే, ప్రభుత్వాన్ని నమ్మి పాతికేళ్ళ పంట పెట్టొద్దని. ఒకపక్క తోటలు పెంచండని సబ్సిడీలిస్తూ ఇంకోపక్క ఇలా చేయడం నాకు చాలా బాధగా అనిపిస్తుంది. నూనె ధర పెరిగితే పేదలకి రేషన్‌లో నేరుగా ఇవ్వండి, సుంకం మాత్రం ఐదారేళ్ళు కదపకండి అన్నది నా అభిప్రాయం.

యూరియా కూడా ఇదే కోవ, ప్రభుత్వం నోటితో చెప్పేది ఒకటి, రేటుతో చెప్పేది ఇంకోటి. 45 కిలోల బస్తా 266 రూపాయల చిల్లర, 50 కిలోల డీఏపీ 1350. రైతు అవసరానికి మించి యూరియా చల్లుతున్నాడని వ్యవసాయాధికారులు మీటింగులు పెట్టి చెప్తారు, ఆ రెండు రేట్లు చూసిన రైతు మీటింగ్ మాట వింటాడా రేటు మాట వింటాడా.

ఇప్పుడు మీ బావ సంగతి. రేటు బాగుంది కాబట్టి వేద్దాం అన్నది ఆయన వాదన. ఈ రోజు యార్డులో రేటు ఆయనకి వచ్చే రేటు కాదు, ఆయన కాయ వచ్చేది ఇప్పటికి నారు బుక్ చేస్తే మూడు నెలలకి. అప్పుడు ఉండే రేటు, ఈ వారం ఇదే రేటు చూసి ఎంతమంది నాటుతున్నారన్న దాని మీద ఉంటుంది. అది తెలుసుకునే చోటు యార్డు కాదు, నర్సరీ. పలమనేరు, పుంగనూరు, మదనపల్లె చుట్టూ ఉన్న నర్సరీల్లో ఓ నాలుగైదు చోట్ల అడగమనండి, నారు ఎన్ని రోజులకి దొరుకుతుందని. ఇరవై రోజులు నెల రోజులు ఆగాలి, ఆర్డర్లు నిండిపోయాయి అంటే మూడు నెలల తర్వాత కాయ ముంచెత్తుతుందని అర్థం, అప్పుడు రెండెకరాలు పెట్టొద్దనండి. నారు ట్రేలు మిగిలిపోయి, రేటు తగ్గించి ఇస్తాం తీసుకెళ్ళండి అంటున్నారంటే అదే నాటాల్సిన టైమ్, ఆ రోజుకి యార్డులో రేటు ఏడుపుగా ఉన్నా సరే. కోలారు వైపు బంధువులెవరైనా ఉంటే అక్కడ కూడా అడిగించమనండి, మన కాయకి పోటీ అక్కడి నుంచే.

కర్రలు, దారం, డ్రిప్, మల్చింగ్, మందులు, కోత కూలి అన్నీ వేసుకుంటే ఎకరాకి లక్ష తేలిగ్గా దాటుతుంది, వడ్డీకి తెచ్చి రెండెకరాలూ ఒకేసారి పెట్టొద్దని నా మాటగా చెప్పండి. అరెకరం ఇప్పుడు, నెల తర్వాత ఇంకో అరెకరం అలా విడతలుగా నాటితే ఏదో ఒక విడతకి రేటు దొరుకుతుంది, అన్నిటికీ ఒకేసారి దెబ్బ పడదు, మా ఇంట్లో చేసేది అదే. మిగిలిన ఎకరంలో కొంచెం రేటు నిలకడగా ఉండే పంటేదైనా వేసుకోమనండి, పశువులుంటే మేతగడ్డి అయినా నష్టం లేదు, ఆ వైపు పాల డబ్బులు వారం వారం చేతికొస్తాయి. కౌలు భూమా సొంత భూమా, బోరులో నీళ్ళు ఏ నెల దాకా ఆగుతాయి అన్నది మీరు రాయలేదు, ఆ రెండూ కనుక్కుని చెప్తే ఏ నెలలో మొదటి అరెకరం పెట్టొచ్చో వివరంగా రాస్తాను.